అన్నా, నీ సైకిల్ తీసిన

అన్నా,

నువ్వు జరంతోని పోయి ఇయ్యాల్టికి ఏడాది. ఇన్నొద్దులు నీ సైకిల్‌ను ఎవల్నీ ముట్టనియ్యని అమ్మ, పొద్దుగాల్ల తాళంచెవి నా చేతుల వెట్టింది.

చక్రం తిరిగినంతసేపు పెడల్ తిరుగుడే, బ్రేకుల్లేవు, కాళ్లకు ఆరామే లేని గీ సైకిల్ ఏందని నిన్ను మస్తు ఎక్కిరించేదాన్ని. ఇయ్యాల పర్వత్ పాటియా చౌరస్తా కాడ చీరల మూటల బండి అడ్డమొచ్చింది. "కాళ్లు బిగవట్టకు చెల్లె, మెల్లగ పెడల్ మీద ఎనుకకు బలం వెయ్యి" అని నువ్వు పక్కపొంటి ఉరుక్కుంట నేర్పింది నా కాళ్లకే యాదికొచ్చింది. పడకుంట ఆగిన. నీ పున్నెమే అన్నా.

ఇంటికొచ్చి, ఇంకో చక్కర్ కొట్టొస్తనంటే అమ్మ గడపలకొచ్చి ఒర్రింది: "జర మెల్లగ పోవే!"

రోజూ నిన్ను ఒర్రినట్టే. ఏడాదైంది, ఇంట్ల గా ఒర్రుడు ఇని.