పాప చెప్పిన మాట

ఏమండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈ ఉత్తరం మీకు చేరదని తెలుసు. అయినా ఈ సంగతి మీకు కాక ఇంకెవరికి చెప్పను?

మిమ్మల్ని అన్నా అని పిలిచేవాడే, పక్క క్వార్టర్ అతను, మన పాపతో తప్పుగా ప్రవర్తించాడు. నేను ఫిర్యాదు ఇచ్చాను. అతన్ని తీసుకెళ్ళారు గానీ బెయిల్ వస్తుందంటున్నారు. పవర్‌ప్లాంట్ కాలనీలో చాలామంది నాతో మాట్లాడటం మానేశారు. "కేసు గీసు ఎందుకు వదినా, పిల్ల పేరు బజార్ల పడ్తది" అని అతని భార్య వచ్చి ఏడ్చింది.

నిన్న మహిళా ఎస్సై మామూలు చీరలో మన ఇంటికే వచ్చింది. పాప పేరు బయటపెట్టడం నేరమని ఆమే చెప్పింది. పాప నా చెయ్యి పట్టుకుని జరిగింది తెలుగులో చెబుతుంటే, ఇక్కడి పోలీసు రాతలన్నీ కన్నడలోనే కాబట్టి ఆమె కన్నడలో రాసుకుంది. అంతా అయ్యాక, "మేడం, పాపకు సమజయ్యేటట్ల ఒకసారి చదువుర్రి" అన్నాను. అలా అడిగే హక్కు మాకుందని చెప్పి, తనకు వచ్చిన తెలుగులో చదివింది. "భయపడి ఊరుకుంది" అన్నచోట పాప తలెత్తింది.

"నేను ఊకుండలే. వద్దని ఒర్లిన."

ఎస్సై "ఊరుకుంది" కొట్టేసి, వద్దని అరిచానని పాప చెప్పినట్టే రాసింది.

ఆమె వెళ్ళాక అన్నం కలిపి పెడుతుంటే పాప అడిగింది: "నాన్నకు తెలిస్తే కోపమొస్తుండెనా అమ్మా?"

మీ తరఫున నేనే జవాబు చెప్పాను.

"వస్తుండె బిడ్డా. నీ మీద గాదు."