నాము జొన్న

సుంకమ్మా, నిన్ను లేపలేదు. మన ఆవు గౌరిని పూడ్చను చేని కాడికి పోతాండా. నువ్వు రావద్దు, చూడలేవు.

దూడను విప్పొద్దు. ఎంత అరిచినా జొన్నచేని దిక్కు తోలొద్దు. నిన్న కోసిన పచ్చి జొన్న మోపు గోడ పక్కన ఉండాది, అది కూడా వెయ్యొద్దు. మిద్దె మీద పరిచి బాగా ఎండినాక వేస్తే ఏమీ కాదంట. ఈ పూటకు ఎండిన శెనక్కాయ కట్టె మేతకు వెయ్యి.

నీళ్లు లేక వాడిన జొన్న తనను కాపాడుకోను ఆకుల్లో సైనైడ్ విషం పెట్టుకుంటాదని పశువుల డాక్టరు చెప్పినాడు. మనం నాము అనేది దాన్నేనంట. చినుకు పడినాక వచ్చే లేత పిలకల్లో ఇంకా ఎక్కువంట.

నిన్న అందరి ముందరా నువ్వే ఆవును చంపినావని అరిచినా. మొన్న వాన పడినాక, "ఇంక నాము ఉండదులే, ఆవును జొన్నచేనులో విడుచు" అని నీకు చెప్పినది నేనే. అంతమందిలో ఆ మాట నువ్వు అనింటే నేను తల ఎత్తేవాణ్ణి కాదు. సాయంత్రం వాళ్లందరి ముందరా నేనే చెప్తా.

రాత్రి నువ్వేమీ తినలేదు. సంగటి మూసిపెట్టినా, తిను.

ఓబులేసు

మరిచినా. సట్టిలో నిన్న పొద్దున పిండిన పాలు కాచినవి ఉండాయి. తోడు వెయ్యొద్దు. దూడకు తాపు. వాళ్లమ్మ పాలు ఇంక అవే.