గుంపు ఎడమకి పడింది

ప్రియమైన అక్కా,

ఇక్కడ అన్యాయం రాజ్యమేలుతోంది. గార్డుల శిక్షణలో మాకిచ్చిన పిస్టళ్ళన్నీ తుప్పు సరుకు. ఎవరికిచ్చింది వాళ్ళదే, చివరిదాకా మార్చరు. నడిమికి గురిపెడితే నా తూటాలు కిందా పక్కా ఎక్కడపడితే అక్కడ చిల్లులు పెడుతున్నాయి. పరీక్ష తప్పితే ఉద్యోగం లేదు. "పేదవాడి చేతికి మొండి ఆయుధమిచ్చి గురి అడగడమే దోపిడీ" అని అర్జీ రాశాను. ఎప్పుడో చదివిన ఓ కరపత్రంలోని వాక్యమే, కాస్త పదును పెట్టాను. ఒక్కడు తప్ప అందరూ సంతకం చేశారు. వాడు బెల్లం కొట్టిన రాయి. అందుకే 'బండ' అంటాం. "నా చెయ్యే మంచిది కాదులే అన్నా" అన్నాడు. పిరికిపంద! పిస్టల్ కోచ్‌వి కదా, మా తరఫున రెండు ముక్కలు రాయి.

మండిపోతున్న నీ తమ్ముడు

ప్రియమైన టపాకాయ్‌కి,

రెండేం ఖర్మ, నాలుగు రాస్తా. తూటాలు చెదిరిపడితే తప్పు చేతిది. అన్నీ గుంపుగా ఒకేచోట పడి, ఆ గుంపు నడిమికి దూరంగా ఉంటే అప్పుడు గన్‌ని అనుమానించు. మీ శిక్షకుణ్ణి అడిగి, నీకు తెలియకుండా తూటాల మధ్య డమ్మీలు పెట్టించుకో. డమ్మీ పేలదు, అప్పుడు నీ చెయ్యి ఏం చేస్తుందో కళ్ళారా చూడు. ట్రిగ్గర్ గుంజకురా. నిద్రపోతున్న పిల్ల తల కింది నుంచి చెయ్యి తీసినట్టు, మెల్లగా నొక్కు. అందాకా అర్జీ జేబులోనే ఉంచు.

నీ అక్క

అక్కా,

అర్జీ అప్పటికే ఇచ్చేశాను. డమ్మీ వచ్చింది. పేలలేదు, కానీ నా పిస్టల్ మూతి ఠక్కున నేల చూసింది. వెనక ఒకటే నవ్వులు. "మొండి ఆయుధం దొరికిందా నాయకా?" అన్నాడు శిక్షకుడు. తల కొట్టేసినట్టయింది. అర్జీ వెనక్కి తీసుకుంటే సంతకాలు పెట్టినవాళ్ళు మాటలు మానేశారు. రోజూ ఖాళీ పిస్టల్‌తో నొక్కడమే నేర్చుకుంటున్నాను. మూతి ఇప్పుడు కదలడం లేదు.

కానీ ఇవాళ బండ టార్గెట్ చూశాను. చిల్లులన్నీ ఒక అరచేతితో కప్పేయొచ్చు. అన్నీ ఎడమపక్కనే, గీతల బయట! శిక్షకుడికి చెబితే "మళ్ళీ మొదలెట్టావా?" అన్నాడు. ఎల్లుండే పరీక్ష. ఏం చెయ్యను?

తమ్ముడు

అక్కా,

పైఅధికారిని కలవమన్న నీ ఉత్తరం ఇప్పుడే అందింది. పరీక్ష అయిపోయింది.

పొద్దున వరుసలో బండ పిస్టల్ లాక్కుని నాది వాడికిచ్చాను.

"వద్దన్నా, నువ్వు ఫెయిలవుతావ్."

"నోర్మూసుకుని కాల్చరా!"

వాడు పాసయ్యాడు. నా తూటాలన్నీ గుంపుగా, ఎడమపక్క తెల్లకాగితంలో. శిక్షకుడు ఆ గుంపు మీద అరచెయ్యి పెట్టి చూశాడు. అదే పిస్టల్‌తో తనూ కాల్చాడు. ఆయనవీ ఎడమకే పడ్డాయి. అయినా తలెత్తకుండా నాకు తప్పినవాళ్ళ వరుస చూపించాడు. నా నోటికి వచ్చిన మాట ఇక్కడ రాయను.

అంతలో పాసైన వరుసలోంచి బండ బయటికొచ్చాడు. "సార్, ఆ గన్ నాది. తప్పాల్సింది నేను" అన్నాడు, అందరికీ వినపడేలా.

ఇద్దర్నీ ఆఫీసు బయట కూర్చోబెట్టారు. పైఅధికారి వస్తున్నాడట. మోకాలి మీద పెట్టి రాస్తున్నా, అక్షరాలు వంకర. ఏం మాట్లాడాలో ఇందాకటి నుంచీ కూడబలుక్కుంటున్నా. బండ నా మోచెయ్యి పట్టుకుని, "నువ్వుండన్నా, ముందు నేను చెప్తా" అంటున్నాడు.

తలుపు తీశారు.

నీ తమ్ముడు