పచ్చచుక్క ఆరిపోకుండా చూడు

చైత్రా,

కాలేజీ నుంచి వస్తూనే నా కంప్యూటర్ ముందర కూర్చో. టీ ఫ్లాస్కులో ఉంది. మౌసును అప్పుడప్పుడూ కదిలిస్తా ఉండు. కాసేపు కదలకపోతే నా పేరు పక్కన పచ్చచుక్క ఆరిపోతుంది, ఆఫీసు వాళ్ళు వెతుకుతారు. కీబోర్డు ముట్టుకోవద్దు, ఏదన్నా టైప్ అయిపోతే తంటా. హెడ్‌సెట్‌లో ఎవరన్నా పిలిస్తే పలకొద్దు. నా ఫోను ప్రింటర్ మీదనే పెట్టినాను. దాంట్లో కూడా ఆఫీసు యాప్ ఉంది, నేను యాడున్నానో చెప్పేస్తుంది.

కెమెరాకు బొట్టుబిళ్ళ అంటించినాను, పీకొద్దు. చెడిపోయిందని వాళ్ళకు చెప్పినాను. ఆయుధపూజకు అత్త అన్నిటికీ కుంకుమ పెడతా కెమెరా కంటికీ పెట్టేసింది, గుర్తుందా? ఆ పొద్దంతా మేనేజర్‌కు ఎర్రటి మసక తప్ప నేను కనిపించలేదు. నాకు దాన్ని తుడవబుద్ధి కాలేదు.

ఇంట్లో కూర్చుని చేసే పనే కదా అంటాడు మీ అన్న. ఒక్కరోజు ఆ కుర్చీలో తనను కూర్చోమను.

అత్త నిద్ర లేచి అడిగితే మందుల షాపుకు పోయిందని చెప్పు.

వదిన

మందుల షాపు అబద్ధం. కృష్ణగిరి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని పోతాను, అదే బస్సులో హోసూరుకు తిరిగి వస్తాను. ఆడ నాకు ఏ పనీ లేదు.