పెద్ద సెన్సార్ బిగించాను, కారు అప్పుడే తియ్యకు

గార్త్,

మంచి నిద్రలో ఉన్నావు, లేపబుద్ధి కాలేదు. ఆసుపత్రి డ్యూటీకి వెళ్తున్నాను, మూడింటికి వస్తాను. అప్పటిదాకా కారు గ్యారేజీ దాటకూడదు.

ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కొలిచే రెండు సెన్సార్లలో పెద్దదే బిగించాను. నీ కొత్త టర్బోకి చిన్నది చాలదు. ఇంజిన్ గట్టిగా గాలి పీల్చగానే దాని లెక్క ఒకచోట ఆగిపోతుంది. గాలి పెరుగుతూనే ఉంటుంది, కంప్యూటర్ మాత్రం ఆగిన లెక్క ప్రకారమే పెట్రోలు పోస్తుంది. ఆ పెట్రోలు చాలక ఇంజిన్ వేడెక్కిపోయి పిస్టన్ కరుగుతుంది. పెద్దదానికి తగిన కొత్త లెక్కలు కంప్యూటర్‌లోకి నేనింకా ఎక్కించలేదు. అవి లేకుండా తోలితే పెద్దదైనా అంతే.

మీ అన్నయ్య డెల్బర్ట్ వచ్చి, "ఏం కాదులేరా, రేపే కదా రేసు, ఒక్క రౌండు కొట్టొద్దాం" అంటాడు. నీకు కాదనడం చేతకాదు. నా భయమంతా అదే.

ఎయిర్ ఫిల్టర్‌కి మళ్లీ నూనె పట్టించావు. ఎన్నిసార్లు మొత్తుకోవాలి? ఆ నూనె ఎగిరి సెన్సార్ తీగకి అంటుకుంటే దాని లెక్క తప్పుతుంది. పొడి ఫిల్టర్ బల్ల మీద పెట్టాను, అదే వెయ్యి.

ఫ్రిజ్‌లో మీట్‌లోఫ్ ఉంది, వేడి చేసుకో.

లినెట్

ఇంకో మాట. నిరుడు చిన్న సెన్సార్ సరిపోతుందన్నది నేను. ఇంజిన్ కాలిపోతే ట్రాక్ దగ్గర అందరి ముందూ "తప్పు నాదే" అన్నావు. నేను నోరు విప్పలేదు. మీ అన్నయ్య ఇప్పటికీ నిన్నే దెప్పుతున్నాడు. మూడింటిదాకా ఆయన్ని కూర్చోబెట్టు. ఆ సెన్సార్ ఎంచిందెవరో నేనే వచ్చి చెప్తాను.