నడుముకి కట్టిన తాడు

అక్కకి,

నీ తమ్ముడు రాస్తున్నది. ఇక్కడ నేనూ, నీ మరదలూ, పిల్లలూ బాగున్నాం. అక్కడ నువ్వూ, నా మేనకోడలూ ఆరోగ్యంగా ఉన్నారని అనుకుంటున్నాను. నా మోకాలి సంగతి అడిగావు. మెట్లెక్కేటప్పుడు తప్ప నొప్పి లేదు. "మీ అక్కగారికి అబద్ధాలు రాయకండి" అని నీ మరదలు వెనక నుంచి అరుస్తోంది.

ఇక నీ కూతురి విషయం. మా రక్షణ దళంలో చేరతానని పట్టుబట్టిందనీ, మేనమామగా నేనే గట్టిగా వద్దని చెప్పాలనీ రాశావు. జవాబు రాయడానికి నాలుగుసార్లు కూర్చుని లేచాను. మొన్న జరిగింది చెబితే తప్ప కలం కదిలేలా లేదు.

మొన్న మధ్యాహ్నం చప్టా మీద నీళ్లు పొర్లి కూరగాయల వ్యాను ఏట్లోకి జారింది. డ్రైవరు దాని పైకప్పు మీద బోర్లా పడుకుని ఉన్నాడు. ఒక కొస చేత్తో పట్టుకుని, తాడు నింపిన సంచి ఒడ్డు నుంచి విసిరాను. సరిగ్గా ఆయన వీపు మీదే పడింది. కానీ చెయ్యి వదిలితే కదా అందుకునేది!

"అన్నా, నేను దిగుతా" అన్నాడు మా ఈతగాడు. మనిషి సన్నం, అందుకే చువ్వ అంటాం. అతని లైఫ్ జాకెట్ వీపున తాడు తగిలించాం. ఆ జాకెట్‌కి గుండె దగ్గర ఓ ఎర్ర బంతి ఉంటుంది. అది లాగితే పట్టీ జారి తాడు ఊడిపోతుంది. కింది వైపు మరో ఇద్దరు తాళ్లతో కాచుకున్నారు.

చువ్వ డ్రైవర్ని పట్టుకున్నాడు. అంతలో తాడు నీళ్లలో మునిగిన దుంగకి చిక్కి బిగిసింది. ప్రవాహం ఇద్దర్నీ అడుగుకి తొక్కేసింది. "లాగండి! లాగండి!" అని ఒడ్డున జనం. నేను లాగలేదు. "బంతి! బంతి లాగరా!" అని గొంతు చించుకున్నాను. ఒక్కసారిగా నా చేతిలో తాడు తేలికైంది. ఇద్దరూ పైకి తేలి కొట్టుకుపోయారు. కిందనున్నవాళ్లు విసిరిన తాడు చువ్వకి అందింది. వాళ్లు కదలకుండా పట్టుకుని నిలబడితే ఆ ప్రవాహమే ఇద్దర్నీ ఒడ్డుకి చేర్చింది. ఊపిరందగానే డ్రైవరు, "నా టమాటాలు?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను పక్కకి వెళ్లి ఏడ్చాను.

ఎందుకో ఇప్పుడు చెబుతాను. కూర్చుని చదువు, అక్కా.

బావ పోయిన రోజు తాడు తెగలేదు. తెగి ఉంటే బతికేవాడు.

పంపుహౌస్ దగ్గర కొట్టుకుపోతున్న ముసలాయన కోసం దిగుతానన్నప్పుడు, బావ నడుముకి తాడు కట్టింది నేను. "గట్టిగా కట్టరా" అన్నాడు. ముడి మీద ముడి వేశాను. రెండో కొస ఇనప స్తంభానికి బిగించాను. తాడు బిగుసుకోగానే బావ మునిగాడు. నేను లాగినకొద్దీ ఇంకా లోపలికి వెళ్లాడు. స్తంభం దగ్గర విప్పబోతే తడిసిన ముడి రాలేదు. ఎవరో కొడవలి తెచ్చి కోసేసరికి అంతా అయిపోయింది. ఆ కొస చూసి అందరూ తాడు తెగిందనుకున్నారు. నేను కాదనలేదు. నాసిరకం తాడు అమ్మాడని నువ్వు ఆ కొట్టాయన్ని నోటికొచ్చినట్టు తిట్టిన రోజు కూడా నోరు మెదపలేదు. తొమ్మిదేళ్లు!

నిన్న ఆయన కొట్టుకెళ్లి ఉన్నదంతా చెప్పాను. చేతిలోని తాడు చుట్ట చుట్టి పక్కన పెట్టాడు.

"మీ అక్కకి చెప్పావా?"

"లేదండీ."

"మరి నా దగ్గరేం పని? ముందు అక్కడికెళ్లు."

అలా కట్టకూడదని అప్పట్లో నాకు తెలియదు. కానీ దాచడం తెలిసి చేసిందే. నేను దళంలో చేరింది అందుకే. ఊడని ముడితో మనిషిని ఏట్లోకి దింపొద్దని రేవు రేవుకీ తిరిగి చెబుతున్నాను. కాళ్లాడినన్నాళ్లూ చెబుతాను.

కాబట్టి పిల్లని వద్దనలేను. ఈ ఉత్తరం దాన్నీ చదవనివ్వు. వాళ్ల నాన్న ఎలా పోయాడో తెలిశాక కూడా వస్తానంటే, నువ్వూ సరేనంటే, కళ్లు మూసుకుని బంతి లాగడం వందసార్లు చేయించాకే నీళ్లలోకి దింపుతాను.

గురువారం మొదటి బస్సుకి వస్తున్నాను. తలుపు తీయకపోతే గుమ్మం బయటే కూర్చుంటాను. తిట్టడానికి తీసినా చాలు.

ఇట్లు,
ఇన్నాళ్లూ నీ మొహం నేరుగా చూడలేకపోయిన
నీ తమ్ముడు