ముర్గోగాడి ఎడమ కన్ను

కస్తానియా, పిండోస్ కొండలు, గ్రీసు

చిరంజీవి ఎవాంథియాకు బాబాయి థ్రసీవులోస్ దీవెనలు.

ఇక్కడ నేనూ, మేకలూ క్షేమం. ముర్గోగాడే క్షేమం కాదు. ఎడమ కన్ను ఎర్రబడి పుసులు కడుతోంది. పొద్దస్తమానం కాలితో రుద్దుకుంటున్నాడు. తోడేళ్ళు తిరిగే కొండలో కాపలా కుక్కకి కన్ను పోతే నా మంద గతేం కాను?

కారణం నాకు తెలుసు. పక్కింటి పోలిక్సేని! ఆ నీలికళ్ళ మనిషి గోడమీంచి చూసి "అబ్బ, ఎంత చక్కటి కళ్ళురా నీకు" అంది. వెంటనే థూ థూ అని ఉమ్మాలా వద్దా? ఉమ్మలేదు. పళ్ళెంలో నీళ్ళు పోసి నూనె చుక్క వేశాను. చుక్క చెదిరిపోయింది. దిష్టే, సందేహం లేదు. నువ్వు పశువుల డాక్టరువి కదా, అక్కడ దొరికే, దిష్టికి కట్టే నీలిపూసల్లో పెద్దది చూసి పంపు.

నీ బాబాయి

తా.క. వాడి కంట్లో తెల్లటి సేమ్యా పోగులాంటిది ఈదుతోంది. దిష్టి బయటికొస్తోందనుకుంటా.

లారిసా

బాబాయికి నమస్కారాలు.

అసలు సంగతి తా.క.లో రాస్తారా ఎవరైనా? అది దిష్టి కాదు, పురుగు! బతికున్న పురుగు. కుళ్ళిన పళ్ళమీద ముసిరే చిన్న ఈగ కంటిమీద వాలి కన్నీళ్ళు తాగుతుంది, తాగుతూ పురుగు పిల్లని వదిలిపోతుంది. అలాగే వదిలేస్తే కన్ను తెల్లబడి చూపు పోతుంది. మాత్ర పంపుతున్నాను. మాంసం వాసన వేస్తుంది కాబట్టి ముర్గో మారుమాట లేకుండా మింగేస్తాడు. ఈరోజే వెయ్యి. పోలిక్సేని అత్త జోలికి వెళ్ళకు.

ఎవాంథియా

తా.క. ముల్లు తీసే పటకారు ఆ కంటి దగ్గరికి తీసుకెళ్ళావంటే ఇక నీతో మాట్లాడను.

కస్తానియా

చిరంజీవి ఎవాంథియాకు,

కుళ్ళిన పళ్ళు! చూశావా, నేనన్నదే నిజమైంది. ఆల్బకరా చెట్టెవరిది? పోలిక్సేనిది. నీ ఉత్తరం గోడదగ్గర నించుని గట్టిగా చదివి వినిపించాను. "నా చెట్టు కింద ఒక్క పండు మిగలనిస్తున్నావా? అన్నీ నువ్వే ఏరుకుపోతున్నావుగా, ముసలి దొంగా!" అంటూ గిన్నెలు కడిగిన నీళ్ళు నా నెత్తిన గుమ్మరించింది. జవాబు లేనివాళ్ళు చేసే పనే అది.

ఇక మాత్ర సంగతి. నీకు బుద్ధుందా? మరియమాత ఉపవాసాల్లో మాంసం వాసన వేసే మందు పంపుతావా? ఈ ఉపవాసాల రోజుల్లో మాంసమన్నది నా గడప ఎన్నడూ తొక్కలేదు. పదిహేనో తారీఖున పండగ. ఆరోజు వేస్తాను.

నీ బాబాయి

తా.క. అందాకా ముర్గోకి ఉడికించిన శనగలు పెడుతున్నాను. గిన్నె చూడనట్టు నటిస్తున్నాడు. నిన్న నటన కాదు, నిజంగానే కనబడక గేటుకి గుద్దుకున్నాడు.

లారిసా

బాబాయికి,

తల గోడకేసి కొట్టుకుంటున్నాను. ముర్గోకి బాప్తిస్మం ఎవరిచ్చారు? వాడికి ఉపవాసమేంటి? నా మాట వినకపోతే ఫాదర్ అంథిమోస్‌నైనా అడుగు. పండగదాకా ఆగితే వాడికి చూపు మిగలదు, అర్థమవుతోందా? ఇంతకీ ఏరుకుపోయిన పళ్ళన్నీ ఏం చేశావు?

ఎవాంథియా

తా.క. నువ్వు వెయ్యకపోతే వేసేవాళ్ళెవరో నాకు తెలుసు.

కస్తానియా

ఎవాంథియాకు,

చిరంజీవి అనడానికి నోరు రావడం లేదు. నేను సాయంత్రం ప్రార్థనకెళ్ళిన సమయం చూసి పోలిక్సేని గోడ దూకింది. ఆ వయసులో! నువ్వు ఆవిడ పేర పోస్టులో పంపిన రెండో మాత్రని చీజు ముద్దలో పెట్టి ముర్గో నోట్లో కూరింది. ఉపవాసాల్లో మాంసం, దానిమీద చీజు, అదీ నా వాకిట్లో! ఊరంతా వినేలా అరిచాను.

రెండు మూడు రోజుల్లో ఆ పోగు మాయమైంది. కన్ను విచ్చింది. వాడు ముందు ఎవరి దగ్గరికి పరిగెత్తాడో అడక్కు. అయినా నాకు సంతోషంతో ఏడుపొచ్చింది.

అంతటితో ఆగిందా ఆవిడ? ఈగల సంగతి తేలుస్తానని నా పెరడంతా తిరిగింది. సారా కోసం ఆల్బకరాలు పులియబెట్టిన నా పీపాల మీదే ముసిరి ఉన్నాయి, పాడు ఈగలు. ముర్గో పడుకునేది వాటి నీడనే.

అప్పుడు నా మొహంలోకి అదోలా చూసి "కదలకు, నీ కుడి కన్ను..." అంది. ఆ కన్ను కొన్నాళ్ళుగా ఎర్రగా ఉందిలే, కోపం వల్లే అనుకున్నాను. "పొగడకు! పొగిడితే థూ థూ అను!" అని మొహం కప్పుకున్నాను.

"పొగడటానికి అక్కడేముంది, పురుగు తప్ప" అంది.

లారిసాలో కంటి డాక్టరుతో మాట్లాడి ఉంచు. రేపే వస్తున్నాం. ఆవిడే తీసుకొస్తోంది, దారి పొడుగునా నేను నోరెత్తకూడదని షరతు.

నీ బాబాయి

తా.క. మనుషుల మందుకి మాంసం వాసన ఉండదు కదా? ఉంటే నాకు చెప్పకు. పోలిక్సేనికి చెప్పు.